నీలం కాగితంలో తొమ్మిది పొట్లాలు

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఒకావిడ మా కొట్టుకి వచ్చి తన పుస్తకం ఇవ్వమంది. వారం కిందట చెప్పి తెప్పించుకున్న పుస్తకం. శుక్రవారం వచ్చింది, ఆవిడ పేరు రాసిన చీటీతో సహా గల్లా వెనక అరలో నేనే దాచాను. నలుగురు ఆడపిల్లలు కలిసి జబ్బుపడ్డ పొట్టిగుర్రాలకు వైద్యం చేసే కథ అది. అట్ట గులాబీ రంగు, దాని నిండా తళుకు పొడి, మధ్యలో చేతికి తగిలేంత ఉబ్బెత్తుగా ఒక గుర్రం బొమ్మ. అరలో చీటీ ఉంది. చీటీ కింద మాత్రం ఫుట్‌బాల్ పుస్తకం ఉంది.

"ఎక్కడో కలిసిపోయిందమ్మా, సోమవారానికల్లా మీ చేతిలో పెడతాను" అని ఆవిడను పంపించేసి ఆ ఫుట్‌బాల్ పుస్తకం వైపు చూస్తూ నిలబడిపోయాను. అది అక్కడ ఉందంటే, గుర్రాల పుస్తకం ఎక్కడికి పోయిందో నాకు అర్థమైంది. 

మా ఊరు థార్న్‌బెక్‌లో పిల్లల పుట్టినరోజు పార్టీలన్నీ శనివారాలే. పిలిస్తే క్లాసు మొత్తాన్నీ పిలవాలి, పిలిచినవాళ్ళంతా ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. తల్లులకూ తండ్రులకూ ఆ సంగతి శనివారం పొద్దున గుర్తొస్తుంది. కారు ఆపకూడని చోట ఆపి, ఇంజను ఆడుతుండగానే తలుపులోంచి తల పెట్టి "అబ్బాయి, ఏడేళ్ళు" అంటారు. కొందరికి ఆ అబ్బాయి పేరు కూడా తెలియదు. వాళ్ళకోసం నేనో ఉపాయం కనిపెట్టాను. శుక్రవారం సాయంత్రమే పుస్తకాలు చుట్టిపెట్టేస్తాను. అబ్బాయిలకు నక్షత్రాల నీలం కాగితం, అమ్మాయిలకు పువ్వుల గులాబీ కాగితం, పైన మూలకి వయసు అంకె. రావడం, పొట్లం అందుకోవడం, పోవడం. లోపల ఏముందని అడిగిన మనిషిని నేను చూడలేదు. ఈ లోయలో పుస్తకాల కొట్లు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతుంటే పదకొండేళ్ళుగా నాది తెరిచి ఉందంటే ఈ పొట్లాల వల్లే. అందుకే ఎవరైనా వాటి గురించి నాకు నీతులు చెబితే ఒళ్ళు మండుతుంది.

ఆ నీతులు చెప్పేది నెరిస్. నా దగ్గర పని చేసే వేల్స్ పిల్ల. ముప్పై ఏళ్ళొచ్చాయి కానీ నోరు ఊరుకోదు. శుక్రవారం సాయంత్రం ఇద్దరం కూర్చుని చుడుతుంటే మళ్ళీ అందుకుంది.

"ఈ తొమ్మిదీ ఒకేచోటికా?"

"రేపు కోరిన్ పుట్టినరోజు. ఎనిమిది నిండుతాయి. వాళ్ళ క్లాసు మగపిల్లల అమ్మలందరూ పొద్దున్నే ఇక్కడ దిగుతారు."

"వాడికి ఫుట్‌బాల్ ఇష్టమని మీకెవరు చెప్పారు?"

"ఎనిమిదేళ్ళ మగపిల్లాడు. ఇంకొకళ్ళు చెప్పాలా?"

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా మేనత్త ఏటేటా రాకుమార్తెల పుస్తకం పట్టుకొచ్చేది. నాకేమో సొరచేపలు కావాలి. మా అన్న మంచం కింద నుంచి దొంగిలించి చదివాను."

"చదివావుగా. మరి ఇంకా ఎందుకు ఏడుపు?"

"దొంగతనం లేకుండా చదవచ్చు కదా, డోర్కస్."

"చూడమ్మా, ఇంజను ఆడుతున్నవాణ్ణి కూర్చోబెట్టి, మీవాడి మనసులో ఏముంది నాయనా అని అడగమంటావా? వాడు నేరుగా సూపర్‌మార్కెట్‌కి పోతాడు. ఆ టేపు ఇలా పడెయ్."

చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, నా ధ్యాసంతా దాని నోటి మీద ఉంది. వెనక అర మీదే పుస్తకాల దొంతి పెట్టుకున్నాను. పక్కనే ఉన్న గుర్రాల పుస్తకం ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, ఎప్పుడు నీలం కాగితంలోకి పోయిందో నాకు తెలియదు.

ఇంకే పిల్లాడి పార్టీ అయినా నవ్వేసి ఊరుకునేదాన్ని. కోరిన్ సంగతి వేరు. మార్చిలో వాళ్ళ బడి హాల్లో నేను పుస్తకాల సంత పెట్టాను. రెండు బల్లలు వేశాను. ఒకదాని మీద అబ్బాయిలకు అని, రెండోదాని మీద అమ్మాయిలకు అని పెద్ద అక్షరాల అట్టలు నేనే రాసి నిలబెట్టాను. కోరిన్ వరసలో నా ముందుకొచ్చేసరికి వాడి చేతిలో ఈ గుర్రాల పుస్తకమే ఉంది. నేను మంచిగానే అన్నాను, నవ్వుతూనే అన్నాను. "నాన్నా, అది అమ్మాయిల బల్ల. నీ బల్ల అటుంది." వెనక వరసంతా విరగబడి నవ్వింది. వాడు పుస్తకం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. అప్పటినుంచి బళ్ళో వాడి పేరు పొట్టిగుర్రం. వాళ్ళమ్మ లోర్నా తర్వాత కొట్టుకొచ్చింది. తిట్టుంటే బాగుండేది. "వాడు పుస్తకం ముట్టుకోవడం మానేశాడు, డోర్కస్. రాత్రి నన్ను కూడా చదవనివ్వడం లేదు" అని మాత్రం చెప్పి వెళ్ళింది.

ఇప్పుడు అదే పుస్తకం, అదే పిల్లాడి దగ్గరికి, నా చేతుల మీదుగా. మామూలుగా మా ఊళ్ళో కానుకలు పార్టీలో విప్పరు. ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా విప్పుకుంటారు. కానీ ఆ పొద్దునే లోర్నా చెప్పింది, విట్‌బీ నుంచి వాళ్ళ అత్తగారొచ్చిందని, పెద్దావిడ చూస్తానంటోంది కాబట్టి నాలుగింటికి చర్చి హాల్లో కేకు కోశాక అందరి ముందూ విప్పిస్తామని. వినగానే ఇదేం పద్ధతి అనుకున్నాను. ఇప్పుడు గడియారం వైపు చూశాను.

ఆ ఫుట్‌బాల్ పుస్తకాన్నే నీలం కాగితంలో గబగబా చుట్టి, ఎనిమిది అంకె వేసి, కోటు లోపల దూర్చాను.

"ఎక్కడికి?" అంది నెరిస్.

"చర్చి హాలుకి."

"ప్రార్థనకా, దొంగతనానికా?"

తలుపు తోసుకుని బయటపడ్డాను. వీధంతా ఏటవాలు, సన్నటి వాన, నావి అరవై ఏళ్ళ మోకాళ్ళు. బస్సు కోసం ఒక నిమిషం నిలబడ్డాను, నిలబడలేక నడిచాను, సగం దూరం పోయాక బస్సు నన్ను దాటిపోయింది. దారి పొడుగునా ఆ పిల్లాడు కాగితం చింపడమే కళ్ళ ముందు ఆడుతోంది. తళుకు పొడి. గుర్రం. ముప్పై మంది పిల్లలు. ఇక ఎనిమిదేళ్ళే కాదు, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ పేరు వాణ్ణి వదలదు. ఆ తర్వాత పుస్తకం అనే వస్తువుని వాడు జన్మలో ముట్టుకోడు. అదీ నా ఘనత.

హాలు చేరేసరికి నాలుగుకి పావుగంట ఉంది. లోపల పిల్లలంతా గుండ్రంగా కూర్చుని పొట్లం చేతులు మార్చే ఆట ఆడుతున్నారు. పాట ఆగినప్పుడు పొట్లం ఎవరి ఒళ్ళో ఉంటే వాళ్ళు ఒక పొర విప్పాలి. లోర్నా పాట నడిపిస్తోంది, అటు తిరిగి ఉంది. కానుకల బల్ల బయటి వసారాలో, కోట్లు తగిలించే కొక్కేల పక్కన ఉంది. నా అదృష్టం అనుకుని పిల్లిలా బల్ల దగ్గరికి నడిచాను.

అక్కడే నా తెలివి నాకు ఎదురుతిరిగింది. నావన్నీ అదే నీలం, అవే నక్షత్రాలు, అదే అంకె. ఇచ్చినవాళ్ళ పేర్ల చీటీలు తప్ప ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు. నేను చుట్టినవే నేను పోల్చుకోలేకపోయాను. సరే, గుర్రం ఉబ్బెత్తుగా ఉంటుంది కదా అని ఒక్కొక్కటే తీసి బొటనవేలితో తడమడం మొదలుపెట్టాను. పాట ఆగేది. నేను బిగుసుకుపోయేదాన్ని. లోపల కేరింతలు. మళ్ళీ పాట. మళ్ళీ తడమడం. వయసు మీద పడ్డ దొంగ ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పూట నన్ను చూడాల్సింది.

ఏ పొట్లంలోనూ గుర్రం తగల్లేదు. మొదటి నుంచి మళ్ళీ తడిమాను. లెక్కపెట్టాను. ఎనిమిదే ఉన్నాయి, పొద్దున నేను అమ్మినవి తొమ్మిది.

అప్పుడు పక్కన కోట్ల మధ్య ఏదో కదిలింది. తడి కోట్ల కింద, బూట్ల మధ్య, కోరిన్ కూర్చుని ఉన్నాడు. పుట్టినరోజు పిల్లాడని నెత్తిన కాగితం కిరీటం పెట్టారు. చేతులు రెండూ వెనక దాచుకున్నాడు.

"ఏం నాన్నా, ఆట ఆడటం లేదా?" అన్నాను. 

"బాత్రూమ్‌కి వెళ్తానని చెప్పాను."

"వెనక ఏముంది?"

వాడు ఇంకాస్త గోడకి జరిగాడు. కానీ ఒక మూల కనిపించింది. నీలం కాగితం కొంచెం చిరిగి ఉంది, లోపల గులాబీ రంగు. వాడి వేలికి తళుకు పొడి అంటుకుంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. పాపం, అందరి ముందూ పరువు పోతుందని తీసుకొచ్చి దాక్కున్నాడనుకున్నాను. మోకాళ్ళు కిర్రుమంటుండగా వాడి ముందు నేల మీద చతికిలబడ్డాను.

"తప్పు నాది నాన్నా. ఇంకొకళ్ళ పుస్తకం పొరపాటున నీకు చుట్టేశాను. ఎవరూ చూడలేదు కదా?"

"చూడలేదు."

"అయితే ఏం ఫరవాలేదు. ఇదిగో, దీని బదులు మంచిది తెచ్చాను. అది నాకిచ్చేయ్."

ఇవ్వలేదు. ముందుకు తెచ్చి కడుపుకి అదుముకున్నాడు.

"ఇది నీలం కాగితం" అన్నాడు.

"అవును."

"ఎనిమిది అని రాసుంది. నాకు ఎనిమిది."

"అవును, కానీ నాన్నా..."

"అయితే నాదే."

 లోపల పాట ఆగింది, ఎవరో గెలిచినట్టున్నారు, చప్పట్లు వినపడ్డాయి.

"ఎలా కనిపెట్టావు?"

"మీ పొట్లాలన్నీ ఒకలాగే ఉంటాయి. ఎవరు తెచ్చినా ముందు తడిమి చూస్తాను. ఎప్పుడూ ఏం తగలదు." వాడు బొటనవేలితో ఆ ఉబ్బెత్తును రాస్తున్నాడు, నేను ఇందాక వెతికినట్టే. "ఆ రోజు వరసలో నిలబడి రెండు పేజీలు చదివాను. గుర్రం కుంటుతోంది. కాలికి ఏం కాలేదు, గాయం లేదు, అయినా కుంటుతోంది. ఎందుకో తర్వాత పేజీలో ఉంటుంది. మీకు తెలుసా?"

"తెలియదు. నేను చదవలేదు."

వాడు నన్ను వింతగా చూశాడు. ఆ చూపు నాకు తగలాల్సిన చోటే తగిలింది. పుస్తకాలమ్ముకు బతికేదాన్ని. మార్చి నుంచి అక్టోబరు దాకా ఒక పిల్లాడు గుర్రం ఎందుకు కుంటుతోందో తెలియకుండా ఉండిపోయాడు, అదీ నేను వేలు చూపించి బల్ల మార్చడం వల్ల.

"సరే, నీదే. మీ అమ్మకు చెబుదామా? ఆవిడేమీ అనదు."

"అమ్మ అనదు. అమ్మ అందరి ముందూ నా తల నిమురుతుంది. అది ఇంకా ఘోరం." ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆ ఫుట్‌బాల్‌ది కూడా ఇవ్వండి."

"రెండూనా?"

"తొమ్మిది ఉండాలి. ఎవరు ఏం ఇచ్చారో అమ్మ రాసుకుంటుంది. రేపు నేను అందరికీ థాంక్యూ కార్డులు రాయాలి. దీని మీద రూఫస్ పేరుంది, వాడేమిచ్చాడని అడిగితే?"

గుర్రాల పుస్తకానికున్న రూఫస్ పేరు చీటీ వాడే ఊడదీశాడు. నా జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. చీటీని నేను తెచ్చిన పొట్లానికి అంటించాను.  వాడు గుర్రాల పుస్తకాన్ని కొక్కేనికి వేలాడుతున్న తన కోటు చేతిలోకి, లోపలి దాకా తోసి, బయటికేమీ కనపడకుండా సర్దాడు.

"మిసెస్ క్రాగ్."

"ఊ."

"దీనికి రెండో భాగం ఉంది. వెనక అట్ట మీద రాసుంది."

"ఉంటుంది."

"క్రిస్మస్‌కి అది కూడా పొరపాటున చుట్టేస్తారా?"

ఎగతాళి కాదు. బేకరీలో బన్ను అడిగినంత మామూలుగా అడిగాడు.  సరేనని తల ఊపాను. వాడు కిరీటం సరిచేసుకుని లోపలికి పరుగెత్తాడు. నేను కొక్కెం పట్టుకుని లేవడానికి చాలాసేపు పట్టింది.

వెళ్ళిపోదామనుకునేంతలో లోర్నా చూసేసింది. "డోర్కస్, మీరు కూడా వచ్చారా, ఎంత మంచి మనసండీ మీది" అంటూ చేయి పట్టుకుని లాక్కెళ్ళి, టీ కప్పు చేతికిచ్చి, అత్తగారి పక్కన కుర్చీ వేసింది. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. కేకు కోశారు. కానుకలు తెచ్చి కోరిన్ ముందు పోశారు.

నీలం పొట్లం ఒకటి విప్పాడు. ఫుట్‌బాల్. "థాంక్యూ, ఆస్విన్." ఇంకోటి విప్పాడు. అదే ఫుట్‌బాల్. పిల్లలు నవ్వారు. మూడోది యుద్ధ ట్యాంకులు. నాలుగోది మళ్ళీ అదే ఫుట్‌బాల్. ఈసారి పెద్దవాళ్ళూ నవ్వారు. వాడు మాత్రం ఒక్కో పుస్తకం తీసి, ఇచ్చినవాడి పేరు చదివి, థాంక్యూ చెప్పి, పక్కన దొంతి పెట్టాడు. ఒక్కదాన్నీ తెరవలేదు. రూఫస్ పొట్లం దగ్గర ఆగుతాడేమో, నా వైపు చూస్తాడేమో అని గుండె పట్టుకుని చూశాను. ఆగలేదు, చూడలేదు. "థాంక్యూ, రూఫస్" అన్నాడు, మిగిలిన ఎనిమిదింటికి చెప్పిన గొంతుతోనే.

"పిల్లాడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణమన్నమాట" అంది అత్తగారు, నా వైపు వంగి.

"ఏమోనండీ" అన్నాను. "నేనెప్పుడూ అడగలేదు."

లోర్నా వచ్చి నా చెవిలో నెమ్మదిగా అంది. "చూశారా, ఒక్కటీ తెరవలేదు. ఏది కావాలన్నా కొనిస్తానురా అంటాను. ఏమీ వద్దంటాడు. ఏం చెయ్యాలో తోచడం లేదు."

చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. హాలు తలుపులోంచి వసారా కనిపిస్తోంది. మూడో కొక్కేనికి ఆ చిన్న కోటు వేలాడుతోంది, ఒక చెయ్యి రెండోదానికంటే బిర్రుగా ఉంది. నోరు మూసుకున్నాను. అది మంచి పనో చెడ్డ పనో నాకు ఈ నిమిషానికీ తేలలేదు. వాడికి ఇష్టమైన పుస్తకం వాడికి దక్కింది. అయితే కోటు చేతిలో దక్కింది.

తిరిగి వచ్చేసరికి నెరిస్ కొట్టు సర్దుతోంది. వచ్చే వారానికి నీలం కాగితం చుట్టలు, గులాబీ కాగితం చుట్టలు గల్లా మీదకి తెచ్చి పెట్టింది. నేను కోటు విప్పలేదు. వాటి ముందు అటూ ఇటూ తిరిగాను. ఒక చుట్ట తీసి పక్కన పెట్టాను, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాను.

"పుస్తకం దొరికిందా?"

"దొరికింది."

"మరి తెచ్చేశారా?"

"లేదు. అది సరిగ్గా చేరాల్సిన చోటికే చేరింది. ఆవిడకు ఇంకోటి తెప్పించు. రెండో భాగం కూడా ఒకటి తెప్పించు."

"రెండో భాగం ఎవరికి?"

"ఒక గిరాకీకి. నేను చుడతాను దాన్ని."

నెరిస్ నా ముఖం చూసి ఏదో అర్థం చేసుకుంది. వెక్కిరిస్తుందనుకున్నాను. నీతులు చెబుతుందనుకున్నాను, చెప్పినా ఈసారి పడేదాన్ని. కానీ అది మనసున్న పిల్ల. టీ పెట్టి తెచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, ఓదార్పుగా అంది.

"పోనీలెండి డోర్కస్, ఇంతలా బాధపడతారేం? పదకొండేళ్ళుగా ప్రతి వారం చుడుతున్నారు. ఇన్నాళ్ళలో తప్పుగా పోయింది ఈ ఒక్క పొట్లమే కదా."

టీ కప్పు కింద పెట్టేశాను.

"అవును" అన్నాను. "ఒక్కటే."